గోడకు నకిలీ జంతువు తల పెడితే ఎబ్బెట్టుగా ఉంటుందా?

హాల్లో రెసిన్ (అచ్చులో పోసే ప్లాస్టిక్ లాంటి పదార్థం) దుప్పి తల పెడదామనుకుంటున్నా, చూసేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుందా అని అడిగారు. తల వల్ల ఎబ్బెట్టు ఏమీ రాదండీ, అది నిజమైనదని నమ్మించబోతేనే వస్తుంది. బొచ్చు అతికించి, గాజు కళ్లు పెట్టి, ముక్కు తడిగా ఉన్నట్టు వార్నిష్ కొట్టినవి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేట గిట్టకే కదా నకిలీది కొంటున్నాం, మళ్లీ ఆ వేటగాడి దర్జా మనకెందుకు?

మా ఇంట్లో ఉన్నది కాగితం దుప్పి. నేనూ మా చెల్లీ కలిసి చేశాం. ఇనప జాలీని మెడ ఆకారంలో వంచి, పాత పేపర్లు చింపి, మైదా జిగురుతో పొర మీద పొర అతికించుకుంటూ పోయాం. జిగురులో కొంచెం మైలుతుత్తం కలిపాం, లేకపోతే పురుగులు వదలవు (అది విషం, ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకండి). గొడవంతా కళ్ల దగ్గరే వచ్చింది. మా చెల్లి నల్లపూసలు తెచ్చి ముఖానికి ముందువైపు పెట్టింది. ఎవరో దుప్పి మాస్కు వేసుకుని అప్పు అడగడానికి వచ్చినట్టుంది! పీకేసి రెండు పక్కలకూ జరిపాను. దుప్పికి కళ్లు ఉండేది అక్కడే, వెనక నుంచి పులి వస్తున్నా కనిపెట్టాలి కదా. అయినా చూపులో బెదురు పోలేదు. పూస మీదుగా సన్నటి కాగితం పట్టీ రెప్పలా వాల్చి అతికిస్తే అప్పుడు నెమ్మదించింది. "అన్నయ్యా, ఇంక ముట్టుకోకు" అంది, ముట్టుకోలేదు. రంగు కూడా వేయలేదు. ముక్కు మీద షేర్ల ధరలు, చెవి లోపల సగం నింపిన గళ్లనుడికట్టు అలాగే కనబడుతుంటాయి. ఇంటికొచ్చినవాళ్లు ముందు ఆ చెవి దగ్గరే నిలబడతారు.

పికాసో 1942లో సైకిల్ సీటు, హ్యాండిల్ కలిపి ఎద్దు తల చేశాడు. కళ్లు లేవు, ముక్కు లేదు, అయినా ఎద్దే. సైకిల్ సామానని దాచలేదు కాబట్టే అది అంత బాగుంటుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూడండి, ఏ జంతువైనా అదే తెలుపు, కొమ్ములకు అదే బంగారు రంగు. పైగా సోఫా పైన ఇంత పెద్దగా ఉన్నట్టు ఫొటో పెడతారు, డబ్బా విప్పితే అరచేతిలో పట్టేంత వస్తుంది. కొలతలు ఎక్కడో అడుగున, చదవలేనంత చిన్న అక్షరాల్లో. ఇది మోసం కాకపోతే ఏమిటి?

ఇంకో మాట, పాతకాలపు అసలు తల చవగ్గా దొరుకుతోందని మాత్రం టెంప్ట్ అవకండి. వెనకటికి చర్మానికి పురుగు పట్టకుండా ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవాళ్లు. ఆ విషం ఇప్పటికీ దాని మీద ఉండొచ్చు, దులిపితే మన ముక్కులోకే.

మీరు రెసిన్‌దే కొంటానంటే కొనండి, కానీ నీలమో పసుపో ఒకే రంగు నిండుగా ఉన్నది తీసుకోండి. కొనేముందు బరువు అడగండి. కొమ్ముల వల్ల తల ముందుకు లాగుతుంది, ఉత్త మేకు ఆగదు. గోడకు డ్రిల్ చేసి, ప్లగ్ పెట్టి, స్క్రూ బిగించాల్సిందే. సోఫాలో కూర్చునేవాళ్ల నెత్తి మీద మాత్రం వద్దు.