తమ్ముడి వ్యక్తిత్వ రుగ్మత: కేసు కొట్టేస్తారా, శిక్ష మారుతుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మతకు (భావోద్వేగాలు, ఆవేశం అదుపులో ఉండని మానసిక సమస్య) 2020 నుంచి సైకియాట్రిస్టు వద్ద చికిత్స చేయిస్తున్నాం. 2022లో దారి తగాదాలో పొరుగాయనను కర్రతో కొట్టగా ఆయన చేయి విరిగింది. భయపడి కర్రను బావిలో పడేసి, తెనాలిలో మేనత్త ఇంటికి పారిపోయాడు. మేజిస్ట్రేటు కోర్టు ఐపీసీ 325 (తీవ్రంగా గాయపరచడం) కింద ఏడాది జైలుశిక్ష వేసి, అప్పీలు కోసం నెల రోజులు బెయిల్ ఇచ్చింది. తీర్పు వచ్చి 40 రోజులైంది. అమ్మ అన్నం మానేసి ఏడుస్తోంది. మతిస్థిమితం లేదని పాత తేదీతో సర్టిఫికెట్ తెస్తే కేసు కొట్టేస్తారని బంధువు ఒకరు అంటున్నారు. నిజమేనా?
– ఒక అక్క, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట కర్రను బావిలో పడేయడమే. ఐపీసీ 84వ సెక్షన్ (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 22) మతిస్థిమితం లేనివారికి ఇచ్చే మినహాయింపు రోగం ఉన్నంత మాత్రాన దొరకదు. కొట్టిన ఆ సమయంలో తానేం చేస్తున్నాడో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడని మీరే రుజువు చేయాలి. వైద్యులు చెప్పే మానసిక వ్యాధి వేరు, చట్టం గుర్తించే మతిభ్రమణం వేరని సుప్రీంకోర్టు సురేంద్ర మిశ్రా కేసులో (2011) స్పష్టం చేసింది. ఆయుధాన్ని మాయం చేసి పారిపోయినవాడికి చేసింది తప్పని తెలుసుననే ఏ కోర్టయినా భావిస్తుంది.

పాత తేదీ సర్టిఫికెట్ జోలికి వెళ్లవద్దు. అది రాసిచ్చిన డాక్టరు న్యాయ సంహిత 234 కింద, తెలిసి వాడిన మీరు 235 కింద నేరస్థులవుతారు. అంతేకాదు, ఒక్క దొంగ కాగితం దొరికితే మీ దగ్గరున్న అసలు కాగితాలను కూడా ఎవరూ నమ్మరు.

ఆ అసలు కాగితాలను ఇంట్లోనే ఉంచుకోవడం క్షమించరాని అజాగ్రత్త. 2020 నుంచి ఉన్న ఓపీ చీటీలలో ఒక్కటైనా కోర్టు రికార్డులోకి వెళ్లినట్లు మీరు రాయలేదు. శిక్ష ఖరారు చేసే ముందు ముద్దాయిని ఏమైనా చెప్పుకోమని అడుగుతారు. చికిత్స సంగతి అక్కడ చెప్పి ఉండవలసింది. పైగా సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులే. తీర్పు సర్టిఫైడ్ కాపీకి పట్టిన కాలం మినహాయిస్తారు గాని, దరఖాస్తు పెట్టి ఉంటేనే. బెయిల్ గడువు కూడా ముగిసింది కాబట్టి ఏ రోజైనా వారంటు రావచ్చు.

అయినా దారి ఉంది. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద జాప్యం మన్నించమని పిటిషన్, శిక్ష నిలుపుదల పిటిషన్ జతచేసి వెంటనే అప్పీలు వేయండి. జాప్యానికి నిజంగా ఉన్న కారణాన్నే రాయండి. అప్పీలులో ప్రధానంగా అడగవలసింది 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 4వ సెక్షన్ కింద సత్ప్రవర్తన బాండ్‌పై విడుదల. మరణశిక్షకు గాని యావజ్జీవానికి గాని అవకాశం లేని నేరం కాబట్టి ఈ సెక్షన్ వర్తిస్తుంది. 11వ సెక్షన్ ప్రకారం అప్పీలు కోర్టు కూడా ఆ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో ఏడాదికి తక్కువ కాకుండా ఉంచుతూ, మద్యం ముట్టకూడదనీ, నేరం మళ్లీ జరగకుండా అవసరమైన మరే షరతయినా పాటించాలనీ కోర్టు ఆదేశించగలదు. చికిత్స షరతు అందులోకే వస్తుంది. ఈ రుగ్మతకు మాత్రల కంటే నెలల తరబడి క్రమంగా సాగే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ (భావోద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే మాటల చికిత్స) వంటి చికిత్సే ముఖ్యం. జైలులో అది సాగడం కష్టమని నా గట్టి అభిప్రాయం, జడ్జిగారికి చెప్పవలసిన వాదన కూడా అదే.

అందుకు డాక్టరుగారి నుంచి వివరమైన నివేదిక కావాలి: రుగ్మత ఎప్పుడు నిర్ధారణ అయింది, ఎన్నిసార్లు వచ్చాడు, మధ్యలో ఎప్పుడు మానేశాడు, ఇకపై వారానికి ఏ రోజు ఎవరు తీసుకొస్తారు. మానేసిన నెలలు దాచవద్దు. జామీనుగా నిలిచేవారి ఇంటి చిరునామా, తమ్ముడి ఉపాధి వివరాలు జతపరచండి. గాయపడినాయన వైద్యఖర్చులకు ప్రొబేషన్ చట్టం 5వ సెక్షన్ కింద పరిహారం చెల్లించడానికి సిద్ధమని మీరే ముందుగా చెప్పండి. ఆయన చేయి విరిగిన సంగతి మీ ఉత్తరంలో ఒక్క మాటతో సరిపోయింది, కోర్టులో అలా సరిపోదు.

ఉత్తర్వు వచ్చాక తమ్ముడు థెరపీ మానేస్తే, అదే చట్టం 9వ సెక్షన్ కింద కోర్టు తిరిగి పిలిపించి అసలు నేరానికి శిక్ష వేయవచ్చు. బాండ్‌పై సంతకం పెట్టే ముందు ఈ మాట అతనికి మీరే చెప్పండి.