వసుధకు పెద్దత్త ఉత్తరం

చిరంజీవి వసుధకు,

నువ్వు ఫారిన్ సర్వీసుకు ఎంపికయ్యావని మీ నాన్న ఫోను చేసినప్పుడు కాసేపు ఏడ్చాను. సాయంత్రం ఫ్లెక్సీ ఫోటో వచ్చాక కోపం వచ్చింది. ఊరి మొదట్లో కట్టించాడట, 'కాబోయే రాయబారి' అని! అందులో తాతయ్య బొమ్మ నీ బొమ్మకు రెండింతలుంది. ముందు దాన్ని తీయించు. నువ్వు మొదట వెళ్లేది థర్డ్ సెక్రటరీగా, రాయబారికి ఎన్నో మెట్లు కింద.

శిక్షణ సంగతి ఢిల్లీలో సుష్మా స్వరాజ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చూసుకుంటారు. ఏ భాష కేటాయించినా మూతి ముడవకుండా నేర్చుకో. దౌత్యవేత్తల గురించి దేశాలు చేసుకున్న 1961 వియన్నా ఒప్పందం నీకు రక్షణ ఇస్తుంది, 41వ అధికరణంలో నువ్వు పనిచేసే దేశపు చట్టాలను గౌరవించమని కూడా అంటుంది. ఈ రెండోది చాలామంది మరిచిపోతారు.

పెళ్లి గురించి మీ అమ్మకు బెంగ. నేను చేరిన రోజుల్లో మా సర్వీసులో ఆడవాళ్లు పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. 1949లో చేరిన తొలి మహిళ ముత్తమ్మగారు సుప్రీంకోర్టుకెక్కారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను తూర్పారబట్టారు. కాబట్టి నీకు ఆ బెడద లేదని అమ్మతో చెప్పు.

నా భయం మన ఇంటిపేరు గురించి.

అది 1973. ముందటేడు వానలు లేవు. నేను ఉన్నది బియ్యం అమ్మే దేశం, మనవాళ్లు ధర దగ్గర బేరమాడుతున్నారు. నాకు అందులో ప్రమేయమే లేదు, ఫైళ్లు మోసేదాన్ని. అమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. చెరువు నెర్రెలిచ్చిందని, గేదెను అమ్మేశామని, చివర్న ఒక్క వాక్యం: 'ఎంత పెట్టయినా బియ్యం తెప్పించక తప్పదని మీ నాన్నగారు అంటున్నారు.' నాన్న అప్పుడు పార్లమెంటు సభ్యుడు, పెద్దవాళ్లతో రోజూ మాట్లాడే మనిషి.

ఆ వారమే ఒక విందు. నా పక్క కుర్చీలో వాళ్ల వాణిజ్య శాఖ పెద్దమనిషి. ఇంటి దగ్గర అందరూ ఎలా ఉన్నారని ఆప్యాయంగా అడిగాడు. అసలే ఇంటి మీద బెంగ. చెరువు గురించి చెప్పాను, గేదె గురించి చెప్పాను, నాన్న అన్న మాటా చెప్పేశాను. కప్పులో తిరుగుతున్న ఆయన చెంచా ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ తిప్పుతూ మా చెరువులో ఏ చేపలు పడతాయని అడిగాడు.

తరువాతి సమావేశంలో వాళ్లు ధర పెంచి కూర్చున్నారు, దిగలేదు. మా రాయబారి నన్ను పిలిచి అడిగితే జరిగింది చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. "ఈ మాట ఇంకొకరు అంటే పుకారు. నువ్వు అంటే ఢిల్లీ మాట," అన్నారు. ఆ బేరం కోసం నెలల తరబడి తిరిగిన సీనియర్ ఒకాయన ఆ తరువాత నేను నమస్కారం పెట్టినప్పుడల్లా ఫైలు తెరిచేవాడు. మనం ఎంత ఎక్కువ కట్టామో లెక్క వేసుకున్నాను. ఆ అంకె నీకు చెప్పను.

విజయలక్ష్మీ పండిత్ 1947లో మాస్కోకు, 1949లో వాషింగ్టన్‌కు రాయబారిగా వెళ్లారు. ఆవిడ ఉప్పు అందుకోమన్నా అందులో అన్నగారు నెహ్రూ ఉద్దేశం వెతికి ఉంటారని నా అనుమానం. మనం అంతటివాళ్లం కాదు, నిజమే. బియ్యం ధర పెరగడానికి అంతటివాళ్లం కానక్కర్లేదు.

అప్పుడు నెలకో ఉత్తరం వచ్చేది. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపులో 43 మంది! మీ బాబాయి అర్ధరాత్రి రాజకీయాలు, మీ నాన్న పొద్దున్నే మంత్రిగారితో తిన్న ఇడ్లీల ఫోటో. ఇవాళే అందులోంచి బయటికి రా. అలిగితే అలగనీ. ఇక వేలువిడిచిన మేనమామలంతా వీసాల కోసం ఫోను చేస్తారు. మన రాయబార కార్యాలయం అమెరికా వీసా ఇవ్వదని నేను ముప్పై ఏళ్లు చెప్పాను, ఒక్కరూ నమ్మలేదు.

నీ ఐదో ఏట పెరట్లో జామకాయలు ఎవరు కోశారని నిన్ను నిలబెట్టి అడిగాను, గుర్తుందా? కోసింది మీ తమ్ముడు. నువ్వు పెదవులు బిగించి నా కళ్లలోకి చూస్తూ నిలబడ్డావే తప్ప పేరు చెప్పలేదు. ఆ రోజు తిట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నీ గురించి సగం భయం తగ్గుతోంది.

బియ్యం సంగతి తాతయ్యకు చివరిదాకా చెప్పలేకపోయాను. 'మా అమ్మాయి నోట్లో నువ్వుగింజ నానదనుకునేవారు చిన్నప్పుడు, ఇప్పుడు చూడండి' అని వచ్చినవాళ్లందరితో గొప్పగా చెప్పుకొనేవారు.

చీరలు సర్దే ముందు ఒకసారి వచ్చి వెళ్లు. ఈ ఉత్తరం మీ నాన్నకు మాత్రం చూపించకు. చూపిస్తే గ్రూపులో పెడతాడు.

ఆశీస్సులతో,
పెద్దత్త