లాంజ్ కార్డు మానేయండి, పెద్ద ప్రయాణానికి మాత్రం మంచి సీటు కొనండి

ప్రశ్న: మాది తెనాలి. రిటైర్డ్ టీచర్ని. నాకు 66, మా ఆవిడకు 62. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. రెండేళ్లకోసారి డాలస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తుంటాం. ఈసారి హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా ఇద్దరికీ రానుపోను ఎకానమీలో 2.4 లక్షలు, బిజినెస్ క్లాస్‌లో 7 లక్షలు చెప్పారు. ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ పెట్టుకోవాలా? బ్యాంకువాళ్లేమో ఏడాదికి 12,500 ఫీజుండే క్రెడిట్ కార్డు తీసుకుంటే ఎయిర్‌పోర్టుల్లో లాంజ్‌లు (కూర్చుని తిని, విశ్రాంతి తీసుకునే గదులు) ఉచితమంటున్నారు. అబ్బాయి తనే కడతానంటున్నాడు, నాకే ఇష్టం లేదు.

జవాబు: మాస్టారూ, ముందు కార్డు సంగతి తేల్చేద్దాం. వద్దు. జీఎస్‌టీతో కలిపి ఏడాదికి 14,750 అవుతుంది. రెండేళ్లకోసారి వెళ్లే మీకు ఒక్కో ప్రయాణానికి దాదాపు 30 వేలు పడ్డట్టు. పైగా ఇప్పుడు చాలా కార్డులకు ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అన్న షరతు ఉంది. కార్డు మీ పేరున ఉంటే మీ ఆవిడను లోపలికి పంపడానికి విడిగా డబ్బు కట్టాల్సి రావచ్చు. దుబాయ్‌లో మర్హబా లాంటి లాంజ్‌లకు ఏ కార్డూ లేకుండా డబ్బు కట్టి వెళ్లొచ్చు. అక్కడ ఎక్కువసేపు ఆగాల్సి వస్తేనే ఆ ఖర్చు పెట్టండి. శంషాబాద్‌లో అక్కర్లేదు, ఇంట్లో తినే బయల్దేరతారుగా!

ఇక సీటు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి కాళ్లు చాపుకుని పడుకునే సీటు విలాసమని నేననను. కానీ హైదరాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలే. అసలు కష్టం దుబాయ్–డాలస్ మధ్య, ఏకబిగిన 16 గంటలు. ఆ ఒక్క సెక్టార్‌కే, అదీ వెళ్లేటప్పుడు మాత్రమే బిజినెస్ క్లాస్ ఎంతవుతుందో అడగండి. ఆవిడ ఒక్కరికే తీసుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. 'ఆయన వెనకెక్కడో ఉంటే నేను ముందు కూర్చోను' అంటారేమో, ఆ పంచాయితీ మీ ఇద్దరిదీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ కాని టికెట్ల మీద జీఎస్‌టీ 18 శాతం, ఎకానమీకి 5 శాతమే. అందుకే ధర అడిగేటప్పుడు పన్నుతో కలిపి అడగండి.

ఎకానమీలోనే వెళ్తే క్యాబిన్ ముందు వరస సీటు డబ్బు పెట్టి అయినా తీసుకోండి. ఎమర్జెన్సీ ద్వారం పక్క సీటు మాత్రం వీల్‌చైర్ అడిగినవాళ్లకు ఇవ్వరు. వీల్‌చైర్‌కు ఎయిర్‌లైన్స్ మామూలుగా డబ్బు తీసుకోవు, టికెట్ బుక్ చేసేటప్పుడే చెప్పండి.

తేడా 4.6 లక్షలు ఎఫ్‌డీలోంచి తీస్తే, 7 శాతం లెక్కన నెలకు 2,700 వడ్డీ పోతుంది. పెన్షన్ మీద బతికే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఈఎంఐ అసలొద్దు. 'నో కాస్ట్' అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్‌టీ వేస్తారు. దానికన్నా ముందు ఆవిడకు అమెరికాలో పనికొచ్చే మెడికల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో పాలసీలో చదివే కట్టండి.

అబ్బాయి కడతానంటే ఆ తేడా వరకు కట్టనివ్వండి. మొహమాటపడాల్సిందేమీ లేదు. ఒక్కటి మాత్రం అతనికి చెప్పండి: కొన్ని చవక బిజినెస్ ఛార్జీల్లో లాంజ్ ఉండదు, రద్దు చేస్తే కోత కూడా పెద్దదే. డబ్బు కట్టే ముందు ఆ రెండూ చూసుకోమనండి.