ఉన్ని దారం ఎందుకు జారిపోతోంది?

ప్రశ్న: రాట్నంపై పత్తి నూలు వడకడం నాకు అలవాటే. ఐర్లండ్ పల్లెల్లో ఇంటింటా ఉన్ని వడికేవారని తెలిసి, మా వైపు గొర్రెల బొచ్చు తెచ్చి ప్రయత్నిస్తున్నాను. దారం నిలవక విడిపోతోంది. లోపం రాట్నంలోనా, చేతిలోనా? – ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ముందు బొచ్చునే అనుమానించండి. మన వైపు మందల్లో నెల్లూరు జాతి గొర్రెలు ఎక్కువ. వాటి ఒంటిమీద ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. ఒక పోచను సాగదీసి వదలండి. మెలికలతో మళ్లీ ముడుచుకుంటే ఉన్ని, తిన్నగా ఉండిపోతే వెంట్రుక. నున్నటి వెంట్రుకలకు పురి ఎంత ఎక్కించినా ఒకదాన్నొకటి పట్టుకోవు. కంబళ్లు నేసే కురబల దగ్గర దక్కని గొర్రె ఉన్ని అడగండి. ముతకదే అయినా దారం నిలుస్తుంది.

పావుకిలో ఉన్నిని చెయ్యి ఓర్చుకునేంత వేడి సబ్బునీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, పిసక్కుండా ఎత్తి, అంతే వేడి మంచినీళ్లలో ముంచి తీయండి. రుద్దినా, ఒక్కసారిగా చన్నీళ్లలో వేసినా పోచల మీది పొలుసులు చిక్కుపడి ఉన్ని ముద్దకడుతుంది. అలా ముద్దైనదాన్ని ఇక విడదీయలేరు. ఐరిష్ వాళ్లు ఈ గుణాన్నే నేసిన బట్టకు వాడుకున్నారు. తడిపి బాది, కావాలనే ముడుచుకునేలా చేస్తే నేత దట్టమై చలిగాలిని ఆపుతుంది.

ఆరాక నూనె పట్టించడం మరవకండి. ఐర్లండ్‌లో వెన్నో, పెద్దబాతు కొవ్వో రాసేవారు. మీకు శనక్కాయ నూనె రెండు చెంచాలు చాలు. అరచేతులకు రాసుకుని ఉన్నికి పట్టించి, రాత్రంతా మూటగట్టి ఉంచండి. రోజులు గడిస్తే మక్కిన వాసన వస్తుంది కాబట్టి త్వరగా వడికేయండి. తీగపళ్ల దువ్వెనల జతతో ఏకి, వదులుగా ఏకులు చుట్టండి. గట్టిగా నొక్కితే సాగవు.

ఐరిష్ పెద్దరాట్నంలోనూ ఉండేది, మీ రాట్నంలాగే, దారం చుట్టుకునే కదురే. వడికే ఆమె నిలబడి, కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో ఏకు లాగుతూ వెనక్కి నడుస్తుంది. పురి ముందు సన్నటిచోటే ఎక్కుతుంది. లావుచోట పోచలు ఇంకా వదులుగానే ఉంటాయి కనుక లాగినప్పుడు అవే సాగి సమమవుతాయి. మీరు చూసుకోవలసింది ఆ లాగుడే. ఏకును వేళ్లతో బిగబట్టకండి. దారాన్ని కాస్త వదులుచేసి చూడండి. ఒకటి రెండు మెలికలు పడితే పురి సరిపోయినట్టు, ముడులు పడితే ఎక్కువైనట్టు, ఏమీ పడకపోతే తక్కువైనట్టు.

ప్రశ్న: కాలితో తొక్కే ఐరిష్ రాట్నం ఉన్నికేనా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఉన్నీ వడకొచ్చు, కానీ ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ పల్లెల్లో దానికి పేరొచ్చింది అవిసె నారతోనే. కాలు చక్రాన్ని నడిపితే రెండు చేతులూ నారకు ఖాళీ అవుతాయి. వేళ్లు తడుపుకుంటూ వడకాలి. తడికి నారలోని జిగురు మెత్తబడి, పైకి లేచిన పోచలు దారానికి అంటుకుంటాయి. పొడివేళ్లతో వడికితే దారం నూగునూగుగా వస్తుంది.