రాయలవారి కాలానికి మళ్లీ వెళ్దామా?

ప్రశ్న: మాస్టారూ, ‘ఆదిత్య 369’ సినిమాకి రెండో భాగం వస్తాదని ఏళ్ల తరబడి వింటన్నాం. ఆశ పెట్టుకోమంటారా? గ్రాఫిక్స్ మోజులో పాడుచేస్తారేమోనని నాకు బెంగ.
– ఓ అభిమాని, ఆమదాలవలస

జవాబు: మీ బెంగే నాదీను. 1991లో విజయనగరంలో మా చిన్నాన్న పక్కన కూర్చుని చూశాను. పదేళ్లవాణ్ణి. కాలయంత్రం రాయలవారి రోజుల్లో దిగగానే చేతిలో వేరుశనక్కాయల పొట్లం సంగతే మర్చిపోయాను. ఇంటికెళ్లాక మా ధాన్యం గాదెలో దూరి, ‘1526కి పోనీ’ అని అరిచేవాణ్ణి.

దర్శకుడు సింగీతం గారు కథలో భయం, నవ్వు, చరిత్ర కలిపారు. యంత్రం ఓ సాకు మాత్రమే. అసలు దిగులు మాటల గురించి. ఆ సినిమాకి మాటలు రాసిన జంధ్యాల 2001లోనే కన్నుమూశారు. అంత తేలిగ్గా నవ్వించే తెలుగు ఇప్పుడెవరు రాస్తారు? నన్నడిగితే ముందు మాటల రచయితను వెతకాలి, గ్రాఫిక్స్ తర్వాత.

అయినా ఆశ చావలేదండీ. 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదలైనప్పుడు మా అమ్మాయిని తీసుకెళ్లాను. ఫోను తియ్యకుండా చూసింది. మధ్యలో నా మోచెయ్యి పట్టుకుని, ‘నాన్నా, వీళ్లు వెనక్కెలా వస్తారు?’ అంది.

రెండో భాగం వస్తే తనకీ నాకూ మొదటి రోజే టిక్కెట్లు.