ఒకే నీళ్లలో కొంగలు తలోరకంగా ఎందుకు వేటాడతాయి?

రంభ దగ్గర చిలికా సరస్సు ఒడ్డున ఒక కొంగ కదలకుండా నిలబడితే, దాని పక్కదే ముక్కు తెరుచుకుని నీళ్లు కెలుకుతోందేమిటని అడిగారు. మొదటిది కంటితో వేటాడుతుంది, రెండోది ముక్కుకి ఏం తగిలితే దాన్ని పట్టేస్తుంది.

నారాయణపక్షి, తెల్లకొంగలు, మన బరంపురం వైపు పొలం గట్ల మీద కూర్చునే గుడ్డికొంగ, ఇవన్నీ కంటి మీద ఆధారపడేవే. వీటి మెడలో ఆరో పూస పొడవుగా ఉంటుంది. మెడ అక్కడ మడత పడి, పొడిచేటప్పుడు ఒక్క విసురున సాగుతుంది. అసలు చిక్కు నీటితోనే. 20 సెంటీమీటర్ల లోతున ఉన్న చేప నిట్టనిలువుగా పైనుంచి చూస్తే 15 దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే చేప ఉన్న చోటు కూడా తప్పుతుంది. అందుకే పొడిచే ముందు తల ముందుకీ వెనక్కీ జరిపి కోణం కుదుర్చుకుంటాయి. గాలికి అలలు లేచినా, వానకి నీరు బురదెక్కినా గురి కుదరదు.

చిన్న తెల్లకొంగని గుర్తుపట్టడం తేలిక: నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపుపచ్చ వేళ్లు. ఒక కాలు ముందుకి చాచి బురదలో వణికిస్తుంది. దాక్కున్న చిన్న చేపో రొయ్యో బెదిరి కదలగానే పొడుస్తుంది.

మీరు చూసిన రెండోది ఎర్రకాళ్ల కొంగ అయ్యుంటుంది, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు కట్టేదే. సగం తెరిచిన ముక్కు నీళ్లలో ముంచి అటూ ఇటూ తిప్పుతుంది, ఏదైనా తగిలితే టక్కున మూసేస్తుంది. దీని అమెరికా చుట్టం ఉడ్ స్టార్క్‌కి ఆ మూతకి పట్టేది సెకనులో 40వ వంతు. బురదనీరు వీటికి అడ్డే కాదు.

నత్తగుల్ల కొంగది వేరే దారి. దాని ముక్కు మధ్యలో ఉండే సందుతో గుల్ల పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు, కాదు. పైముక్కుతో గుల్లని నేలకి అదిమిపెట్టి, కిందిముక్కు కొనని గుల్ల నోటికుండే మూత పక్కనుంచి దూర్చి, లోపల గుల్లని పట్టుకునుండే కండ తెంపుతుంది. మాంసం బయటికొస్తుంది, గుల్ల చాలాసార్లు చెక్కుచెదరదు. పిల్లలకి ఆ సందు పుట్టుకతో ఉండదు.

ఇక చేపలు పట్టేవాటికి పట్టడంతోనే పని తీరదు. తలవైపు నుంచే మింగాలి. జెల్లచేప వీపు ముల్లు, పక్క ముళ్లు నిక్కబొడుచుకుంటే గొంతులో అడ్డం పడతాయి. అందుకే ముక్కున కరుచుకుని విదిలిస్తూ, చేపని తిప్పుకుంటూ కొంగ అంతసేపు తంటాలు పడుతుంది. కుదరకపోతే వదిలేస్తుంది.