స్టాక్ తగ్గించాలట, ఆర్డర్ మాత్రం ఆగకూడదట!

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక పెద్ద మందుల కంపెనీలో చాలా ఏళ్లుగా ప్లానింగ్ చూస్తున్నాను. వచ్చే నెల నుంచి సప్లై చైన్ మొత్తం నాకే అప్పగిస్తున్నారు. ఆపిల్‌లో టిమ్ కుక్ చేసినట్టు స్టాక్ తెగ్గొయ్యమంటారు మా ఎండీ గారు. ఒక్క ఆర్డర్ కూడా లేటవ్వకూడదంటారు సేల్స్ వాళ్లు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎక్కడ మొదలుపెట్టమంటారు? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఎండీ గారు టిమ్ కుక్ కథలో సగమే చెప్పారండీ. 1998లో ఆయన ఆపిల్‌లో చేరేసరికి నెల రోజుల సరుకు గోదాముల్లో మూలుగుతోంది. ఆ సెప్టెంబరుకల్లా దాన్ని 6 రోజులకు దించారు, 19 గోదాముల్లో 10 మూసేశారు, ముఖ్యమైన సప్లయర్లను వంద నుంచి 24కి తగ్గించారు. అంతవరకూ నిజమే. కానీ అదే ఆపిల్ 2005లో, ఫ్లాష్ మెమరీకి (డేటా దాచే చిప్‌లకు) ఎక్కడ కటకట వస్తుందోనని, శాంసంగ్, తోషిబా, హైనిక్స్, మైక్రాన్, ఇంటెల్‌లతో 125 కోట్ల డాలర్ల అడ్వాన్సుకు ఒప్పుకుని మరీ 2010 దాకా సరుకు ఖాయం చేసుకుంది. అంటే తయారైన సరుకు దగ్గర పిసినారితనం, బజార్లో దొరకని దాని దగ్గర ధారాళం. మీరు పట్టుకోవాల్సింది ఈ తేడానే.

టయోటా సంగతీ అంతే. జస్ట్ ఇన్ టైమ్‌కు, అంటే నిల్వ పెట్టకుండా కావాల్సినప్పుడే సరుకు తెప్పించుకునే పద్ధతికి, పుట్టిల్లు అది. 2011 భూకంపం, సునామీ దెబ్బ తిన్నాక మాత్రం చిప్‌లు 2 నుంచి 6 నెలలకు సరిపడా నిల్వ పెట్టమని సప్లయర్లకు చెప్పింది. 2021 మొదట్లో మిగతా కార్ల కంపెనీలు చిప్‌లు లేక లైన్లు ఆపుకుంటుంటే తను నెట్టుకొచ్చింది. (ఆ సెప్టెంబరుకి తనకీ ఉత్పత్తి 40 శాతం కోసుకోక తప్పలేదనుకోండి.)

ఇక మీ దగ్గరికొద్దాం. మొదటి వారం రిపోర్టులు పక్కన పెట్టి గోదాముకి వెళ్లండి, ఆగిపోయిన ఒక్కో ఆర్డరూ దేనికోసం ఆగిందో అడగండి. బిళ్లలు రెడీ, వాటిని పెట్టే బ్లిస్టర్ స్ట్రిప్పులు రెడీ, పెట్టెలో మడిచిపెట్టే ఆ పల్చటి లీఫ్‌లెట్ రాలేదని సరుకు పేర్చిన పాలెట్లు అలాగే పడి ఉంటాయి. లేదా ఏదో దేశం వాళ్లు లేబుల్‌లో ఒక లైను మార్చమన్నారని కార్టన్లన్నీ చెత్తలోకి పోతాయి. లక్షల సరుకుని పైసల కాగితం ఆపేస్తుంది! తరచూ మారని లీఫ్‌లెట్లు కాస్త ఎక్కువే పెట్టుకోండి, చైనాలో ఒకే ఒక్క ఫ్యాక్టరీ నుంచి వచ్చే ముడిసరుకు ఉంటే అదీ అంతే. కోత వేయాల్సింది ఎక్స్‌పైరీ దగ్గరపడుతూ ఏ దేశమూ అడగని తయారైన సరుకు మీద.

సిస్టంలో లీడ్ టైములు (ఆర్డర్ పెట్టాక సరుకు చేరడానికి పట్టే రోజులు) కూడా ఒకసారి చూసుకోండి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పది రోజులకు పైనే లేటయ్యాయి. ఇలాంటివి జరిగినా సిస్టంలో పాత రోజులే ఉండిపోతాయి చాలాచోట్ల, టెన్షన్ మాత్రం మనది.

అసలు గొడవ మంత్ ఎండ్‌లో వస్తుంది. ఇక మార్పుల్లేవని ప్లాన్ ఫ్రీజ్ చేశాక సేల్స్ వాళ్లు ఇంకో ఆర్డర్ తోసేస్తారు, సరుకు విమానంలో పంపిస్తారు, ఆ ఖర్చు మీ పద్దులో పడుతుంది. ఫ్రీజ్ తర్వాత వచ్చిన ఆర్డర్‌కి ఎయిర్ ఫ్రైట్ సేల్స్ బడ్జెట్ నుంచే పోవాలని ఎండీ గారి దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి. జీతం సంగతి ఎలాగూ మాట్లాడతారు కదా, ఆ మీటింగ్‌లోనే ఇదీ అడిగేయండి.